మా బండికి ఏ పూత?

రాయ్‌పూర్‌లో కాపురముంటున్న తెలుగు ఇల్లాళ్లకు ఒక అలవాటు ఉంది. పొద్దున్నే డాబా మీదికి వెళ్లి వచ్చిన తరువాత ముందుగా అరికాళ్లు చూసుకొంటారు. రాత్రి శుభ్రంగా కడిగిన డాబాయే అయినా తెల్లవారేసరికి దాని మీద కాటుక రాలినట్లు సన్నని పొర ఏర్పడి ఉంటుంది. చలికాలంలో ఇది మరీ ఎక్కువ. ఊరికి ఉత్తరాన ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడలున్నాయి. అక్కడి స్పాంజి ఇనుము కర్మాగారాలలో ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కలిపి, తిరిగే కొలుములలో కాలుస్తారు. పొగగొట్టాల నుండి, ఆవరణలోని గుట్టల నుండి, లారీల నుండి లేచే పొడి ఎక్కడో ఒక చోట దిగాలి కదా! మా డాబాల మీద దిగుతుంది. ఇనుమూ ఉక్కూ మనకు అన్నం పెడుతున్న వస్తువులు గనుక ఆ పొడిని గురించి మరీ గట్టిగా మాట్లాడడానికి మాకు కొంచెం మొహమాటమే.

ఆ పొడితో మాకు అసలైన పేచీ వచ్చింది మాత్రం డాబా మీద కాదు, బండి మీద.

మేము అనగా ఒకే కాలనీలో ఉంటున్న నాలుగు తెలుగు కుటుంబాలవారం. 2022 డిసెంబరులో వాటాలు వేసుకొని ఒక పాత టెంపో ట్రావెలర్ కొన్నాము. తయారీదారు పేరు 2005లో ఫోర్స్ మోటార్స్‌గా మారినా జనం నోట ఆ బండి ఇంకా టెంపో ట్రావెలరే. లోపల నాలుగు పడకలు, చిన్న గ్యాస్ పొయ్యి, నీళ్ల తొట్టి అమర్చి, క్యారవాన్‌గానే నమోదై ఉన్నది. రెండేసి కుటుంబాలు వంతులవారీగా వెళ్లిరావాలన్నది ఒప్పందం. దగ్గరలో సిర్పూర్ ఇటుక గుడి, రాజిమ్ సంగమం, కొంచెం దూరంలో చిత్రకూట్ జలపాతం ఉండనే ఉన్నాయి. అన్నిటికంటె మా ఇళ్లలోని పెద్దవాళ్ల కోరిక భద్రాచలం. 30వ నంబరు జాతీయ రహదారి రాయ్‌పూర్ నుండి ధమ్‌తరీ, కాంకేర్, కేశ్‌కాల్ ఘాటు, జగదల్‌పూర్, కోంటా మీదుగా నేరుగా భద్రాచలం చేరి, అక్కడ నుండి విజయవాడ వైపు పోతుంది. మోకాళ్ల నొప్పులవారికి రైళ్లు మారడం కంటె, దారిలో ఎక్కడంటే అక్కడ నడుం వాల్చుకొనే బండి మేలని మా లెక్క.

బండి తెల్లనిది. పక్కలు, ముందుభాగం ఉక్కు రేకు. లోపల మనిషి నిలబడడానికి వీలుగా పైకప్పును మాత్రం ఎత్తు చేసి ఫైబర్‌గ్లాసుతో పోశారు. ఈ సంగతిని పాఠకులు దయచేసి గుర్తుంచుకోవాలి. మేము మరచిపోయాము.

బండికి షెడ్డు లేదు. ఆరుబయటే నిలుస్తుంది. కనుక పై రంగును కాపాడడానికి ఏదో ఒక పూత వేయాలని మొదటి వారంలోనే సమావేశం జరిగింది. నలుగురు ఇంజనీర్లు కూడితే సమావేశం అంత సులువుగా ముగియదు. ఒకరు మైనమన్నారు. ఒకరు సిరామిక్ పూత అన్నారు. ఒకరు ఏదీ వద్దు, నీళ్లు చాలునన్నారు. ఉక్కు కట్టడాలకు రంగుల వివరణలు వ్రాయడంలోనే ఉద్యోగ జీవితంలో సగం గడిపిన ఈ వ్యాసకర్త మాట చివరికి నెగ్గింది. ఆ మాట మైనం.

కారణాలు చెప్పకపోలేదు. కార్ల మైనాలలో మేలైనది కార్నౌబా. ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకులు ఎండకు తమలోని తేమ పోకుండా పైన కప్పుకొనే పూత అది. తేనెపట్టు మైనం 62 నుండి 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగితే, కార్నౌబా 82 నుండి 86 డిగ్రీల దాకా నిలుస్తుంది. చవక. చేత్తో వేసుకోవచ్చు. నచ్చకపోతే పోతుంది. 2023 జనవరిలో ఒక ఆదివారం నలుగురమూ కూర్చొని, బండిని కడిగి, ఆరబెట్టి, మైనం రుద్ది మెరిపించాము. పైకప్పు మధ్యభాగానికి చెయ్యి అందలేదు. ఎవరికీ కనిపించదు కదా అని వదిలివేశాము.

రోజువారీ పనికి కాలనీలో కార్లు తుడిచే ఒక కుర్రవాణ్ణి నెలకు రూ. 900కు కుదుర్చుకొన్నాము. ధమ్‌తరీ వైపు పల్లెటూరివాడు. ఇరవై ఏళ్లుంటాయి. అతనికి మేము ఇచ్చిన ఆజ్ఞలు మూడు. రోజూ తెల్లవారుజామున పొడిగుడ్డతో దుమ్ము తుడవాలి. వారానికొకసారి సబ్బుపొడి వేసి కడగాలి. కడగడానికి కుళాయి నీరు కాక, కాలనీ ఆర్.ఓ. యంత్రం నుండి వృథాగా పోయే నీటిని పట్టి వాడాలి. ఈ మూడవ ఆజ్ఞ విషయంలో మాకు కొంత గర్వం కూడా ఉండేది. నీటి పొదుపును గురించి కాలనీ సభలో చప్పట్లు కొట్టించుకొన్నాము.

నెల తిరగకుండానే ఆ కుర్రవాడు వచ్చి, "సాబ్, ఈ నీళ్లు ఆరితే తెల్లమచ్చలు పడుతున్నాయి. కుళాయి నీళ్లే ఇప్పించండి" అన్నాడు. నీళ్లు ఆరకముందే తుడవాలని చెప్పి పంపివేశాము. మరొకసారి, "పైకప్పు కూడా తుడుస్తాను, నిచ్చెన ఉంటే ఇవ్వండి" అన్నాడు. చూద్దామన్నాము.

మే నెల వచ్చింది. రాయ్‌పూర్ ఎండ సంగతి ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఒక మధ్యాహ్నం రెండు గంటలకు ఎర్రకాంతి ఉష్ణమాపకంతో బండిని పరీక్షించాము. తెల్లని రేకు 57 డిగ్రీలు, నల్లని ప్లాస్టిక్ పట్టీ 74 డిగ్రీలు చూపింది. కార్నౌబా కరగదన్నమాట నిజమే. కాని డబ్బాలో ఉన్నది వట్టి కార్నౌబా కాదు. దానిని మెత్తగా ఉంచడానికి నూనెలు, ఇతర మైనాలు, ద్రావకాలు కలుపుతారు. కరగవలసిన పని లేదు, మెత్తబడితే చాలు, దుమ్ము అతుక్కొంటుంది. దానికి తోడు వారం వారం బట్టల సబ్బుపొడి. జిడ్డును వదిలించడమే పనిగా పుట్టిన వస్తువుకు చొక్కా కాలరు మీది జిడ్డు, బండి మీది మైనం అనే భేదం ఉండదు. మార్చి నాటికే మా మైనం చాలావరకు మురుగుకాలువ పాలై ఉంటుందని ఇప్పుడు అనుకొంటున్నాము. అప్పుడు మాత్రం అనుకోలేదు.

జూన్‌లో తొలకరి పడింది. నాలుగు వానలు కురిసిన తరువాత చూస్తే తెల్లని బండి పక్కల మీద, ముందు మూత మీద గసగసాలు చల్లినట్లు నారింజరంగు చుక్కలు! వేలితో రుద్దితే పోవు. దగ్గరగా చూస్తే తుప్పు. వెలుతురుకు ఏటవాలుగా చూస్తే రేకు నిండా సాలెగూడు వంటి సన్నని గీతలు.

మా నిర్ధారణ క్షణంలో జరిగిపోయింది. కుర్రవాడు గరుకుగుడ్డతో రుద్ది రంగును గీకివేశాడు. గీతలలో నుండి నీరు దిగి, కింది ఉక్కు తుప్పు పట్టి, పైకి పొంగింది. ఇంతకంటె సహేతుకమైన వివరణ మరొకటి ఉంటుందా? అతన్ని పిలిచి నలుగురమూ నాలుగు మాటలన్నాము. పొడిగుడ్డతో తుడవమన్నది మీరే కదా సాబ్ అని అతను అన్నాడు. ఎదురు చెబుతున్నాడనిపించింది. ఆ నెల జీతంలో సగం ఇచ్చి, రేపటి నుండి రానక్కరలేదన్నాము.

తరువాత ఒక పూతల దుకాణానికి వెళ్లాము. బండి చూసి, సిరామిక్ పూత వేస్తే ఐదేళ్లు నిశ్చింతగా ఉండవచ్చని, దాని కాఠిన్యం 9హెచ్ అని, రూ. 38,000 అవుతుందని చెప్పారు. చుక్కల సంగతి అడిగితే, యంత్రంతో పాలిష్ పట్టి తీసివేస్తామన్నారు. బయానా ఇవ్వబోయి, వానలు తగ్గిన తరువాత చూద్దామని ఆగాము. ఆ ఆగడం మా అదృష్టం.

సెప్టెంబరులో పైకప్పు గాలిమూత దగ్గర నీరు కారుతోందని తెలిసి, మాలో ఒకరు విద్యుత్ పనివారి నిచ్చెన అడిగి తెచ్చి పైకెక్కారు. ఎక్కినవారు ఎంతసేపటికీ దిగలేదు. ఏమైందని అడిగితే, "మీరూ ఒకసారి ఎక్కి చూడండి" అని మాత్రం అన్నారు. ఒకరి తరువాత ఒకరం ఎక్కాము. పైకప్పు నిండా, అంచు నుండి అంచుకు, నారింజరంగు చుక్కలు. పక్కల మీద ఉన్నవాటికి నాలుగింతలు.

పైకప్పు ఫైబర్‌గ్లాసు. అందులో ఇనుము లేదు. ఫైబర్‌గ్లాసు తుప్పు పట్టదు. పైగా ఆ కప్పును బండి మా చేతికి వచ్చిన నాటి నుండి ఏ గుడ్డా తాకలేదు. నిచ్చెన ఇవ్వనిది మేమే.

కొంతసేపు ఎవరమూ మాట్లాడలేదు. పిల్లల చదువుబల్ల నుండి ఒక అయస్కాంతం తెచ్చి, పలుచని కాగితంలో చుట్టి, కప్పు మీది నల్లపొడిలో ఆడించాము. కాగితం నిండా మీసాల మాదిరిగా పొడి లేచి నిలబడింది. డాబా మీద ఊడ్చి తెచ్చిన పొడి కూడా అంతే. తుప్పు లోపలి నుండి రాలేదు, ఆకాశం నుండి వచ్చింది. గాలిలో వచ్చిన ఇనుప రేణువులు వేడెక్కిన రంగు మీద వాలి, మంచుకూ వానకూ తుప్పు పట్టి, ఆ తుప్పుతోనే రంగుకు కరచుకొని కూర్చొన్నాయి. రైలు పెట్టెలలో రవాణా అయ్యే కొత్తకార్ల మీద పట్టాల ఇనుము రాలి ఇటువంటి చుక్కలే పడుతుంటాయని, అమెరికాలో దీనికి రైలు దుమ్ము అనే పేరే ఉందని ఈ వ్యాసకర్తకు తెలియని విషయం కాదు. తెలిసిన విషయం అవసరానికి గుర్తు రాకపోవడం మన వృత్తిలో అరుదు కూడా కాదు. రంగు మందం కొలిచే పరికరంతో జనవరిలోనే బండిని పరీక్షించి ఉన్నాము. ఉక్కు రేకు మీద 105 నుండి 120 మైక్రాన్లు చూపిన ఆ పరికరం పైకప్పు అంచున పెడితే ఏ అంకే చూపలేదు. కింద ఇనుము ఉంటేనే పనిచేసే రకం అది. ఆనాడు నవ్వుకొన్నాము.

సాలెగూటి గీతలు కుర్రవాడి చేతివే, సందేహం లేదు. కాని ఇనుప రజను మీద పొడిగుడ్డ వేసి రోజూ రుద్దమంటే గరుకుకాగితంతో రుద్దమన్నట్లే. ఆజ్ఞ మాది. తెల్లమచ్చలూ మావే. రాయ్‌పూర్ నేల కింద సున్నపురాయి విస్తారంగా ఉంది. ఈ ప్రాంతపు సిమెంటు కర్మాగారాలకు అదే ఆధారం. బోరునీటిలో ఎటూ సున్నం ఎక్కువ. ఆర్.ఓ. యంత్రం మంచినీటిని ఒక వైపుకు పంపి, అందులోని లవణాలనన్నిటినీ మిగిలిన నీటిలోకి తోస్తుంది. ఆ నీరు ఇల్లు తుడవడానికి పనికివస్తుంది. ఎండలో కాలిన రేకు మీద పోస్తే సున్నం కొట్టినట్లే.

మన సంస్థలో ఉక్కు వంతెనకు రంగు వేసే ముందు ఇసుకధారతో ఉపరితలాన్ని ఐఎస్ఓ 8501 ప్రమాణం ప్రకారం ఎస్ఏ 2½ స్థాయికి శుభ్రం చేయించి, తనిఖీ చేసి, సంతకం పెట్టిన తరువాతనే మొదటి పూతకు అనుమతి ఇస్తాము. ఉపరితలం శుభ్రంగా లేకపోతే ఎంత ఖరీదైన రంగైనా నిలవదని గుత్తేదార్లకు పాఠాలు చెప్పి చెప్పి గొంతు పోయింది. జనవరిలో సొంత బండికి మాత్రం నీళ్లతో కడిగి, అప్పటికే రంగుకు పట్టి ఉన్న ఇనుప రేణువుల మీదనే మైనం వేసి మెరిపించాము.

ఇక చుక్కలను తీయడం. దీనికి థయోగ్లైకోలేట్ అనే లవణం కలిసిన ద్రవాలు దొరుకుతాయి. చల్లిన రెండు మూడు నిమిషాలలో ఇనుమున్న చోటల్లా ఊదారంగు తిరిగి, కిందికి ధార కడుతుంది. రోమాలను తొలగించే క్రీములలోనూ ఈ జాతి రసాయనమే ఉంటుంది గనుక వాసన ఎలా ఉంటుందో వేరే వర్ణించనక్కరలేదు. చేతులకు తొడుగులు వేసుకొని, నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు చేయాలి. ద్రవం ఆరిపోకముందే కడగాలి. మా బండి మీద మొదటిసారి చల్లినప్పుడు పక్కల నుండి నేరేడుపండ్ల రసం కారినట్లు కారింది. కాలనీ పిల్లలందరూ పోగయ్యారు. రెండు విడతలు చల్లి, మిగిలిన మొండి రేణువులను శుభ్రపరచే మెత్తని బంకమట్టి ముద్దతో, సబ్బునీటి జారుడు మీద తేలికగా రాసి తీశాము. సున్నపు మచ్చలకు బాగా పలుచన చేసిన వెనిగర్ చాలింది.

దుకాణంవారు చెప్పినట్లు యంత్రంతో పాలిష్ పట్టించి ఉంటే? మా బండిది పైన పారదర్శకమైన వార్నిష్ పొర లేని ఒకే పొర తెల్లరంగు. నల్లగుడ్డకు పాలిష్ అద్ది ఒక మూల రుద్దితే గుడ్డకు తెల్లరంగు అంటుకొన్నది. అలా తెలిసింది. ఆ రంగులో ఇనుప రేణువులు ఉండగానే యంత్రం తిప్పితే రేణువులు రంగును దున్ని ఉండేవి.

శుభ్రపరచిన తరువాత మళ్లీ పాత ప్రశ్నే. ఏ పూత? ఈసారి సమావేశంలో గొంతులు తగ్గాయి.

సిరామిక్ పూత మోసమని మేము అనము. ద్రవరూపంలోని సిలికా సమ్మేళనం గాలిలోని తేమతో చర్య జరిపి గాజువంటి పొరగా బిగుస్తుంది. రసాయనాలకు, ఎండకు మైనం కంటె ఎంతో ఎక్కువ కాలం ఆగుతుంది. మాలో ఒకరి కారు నీడపట్టున ఉంటుంది. దానికి ఆ పూత మూడేళ్ల నుండి చక్కగా ఉంది. అయితే దాని మందం ఒకటి రెండు మైక్రాన్లు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 9హెచ్ అన్నది పెన్సిల్ కాఠిన్యం. ఆ గట్టిదనపు పెన్సిల్ ములుకుతో గీస్తే గీత పడదని అర్థం. రోడ్డు మీది ఇసుకరేణువు పెన్సిల్ కంటె గట్టిది. మరొక చిక్కు మా నీళ్లది. ఈ పూత మీద నీరు పరుచుకోక ముత్యాలుగా నిలుస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది గాని, సున్నపు నీటి ముత్యం ఎండలో ఆరితే అందులోని సున్నమంతా ఒకే చోట వలయంగా మిగిలిపోతుంది. వేసిన తరువాత పూర్తిగా బిగిసే దాకా కొన్ని రోజులు బండిని ధూళికీ వానకూ దూరంగా ఉంచాలి. షెడ్డు లేని మాకు రాయ్‌పూర్‌లో ధూళి లేని రోజులు ఎక్కడివి? రూ. 38,000తో పూత వేయించడం కంటె అందులో కొంత పెట్టి రేకుల పందిరి వేయించడం మేలని తేల్చాము.

పక్కల ఉక్కు రేకుకు సిలికా కలిసిన స్ప్రే సీలెంటు ఎంచుకొన్నాము. తడి మీదనే చల్లి తుడవవచ్చు. మూడు నాలుగు నెలలు ఆగుతుంది. అసలు ప్రయోజనం అదే. మూడు నెలలకొకసారి ఇనుము తీసే ద్రవాన్ని చల్లి మళ్లీ మొదలుపెట్టాలి గనుక, ఐదేళ్ల పూత మాకు అడ్డమే అవుతుంది. మైనం పూర్తిగా ఓడిపోలేదు. పైకప్పుకు అదే వేశాము. ఫైబర్‌గ్లాసు పైన ఉండేది రంగు కాదు, జెల్‌కోట్ అనే రెసిన్ పొర. దాని మందం అర మిల్లీమీటరు దాకా ఉంటుంది. ఎండకు అది సుద్దగా మారుతుంది. అరచేతితో రాస్తే తెల్లపొడి అంటుతుంది. ఆ సుద్దను సన్నని పాలిష్‌తో తీసి, పైన గట్టి మైనం పట్టించడమే అమెరికా, ఐరోపాలలో ఇటువంటి విహార వాహనాలవారు, పడవలవారు ఎంతో కాలంగా చేస్తున్నది. వారి డబ్బాల మీది సూచనలలో సముద్రపు ఉప్పు గురించి ఉంటుంది. సిల్తరా గురించి ఉండదు. ఇంకొక చిన్న మాట. మైనం నల్లని ప్లాస్టిక్ పట్టీలకు తగిలితే తెల్లగా ఎండి ఓ పట్టాన వదలదు. ముందుగా కాగితపు టేపు అంటించాలి. మేము అంటించలేదు.

కుర్రవాణ్ణి వెతకడానికి పది రోజులు పట్టింది. టాటీబంధ్ దగ్గర ఒక లారీలు కడిగే చోట పనిచేస్తున్నాడు. వెళ్లినవారిలో ఈ వ్యాసకర్త ఒకడు. పొరపాటు మాదేనని, పైకప్పు సంగతి, అయస్కాంతం సంగతి చెప్పాము. అతను విని, "ఫైబర్‌కు తుప్పు ఎలా పడుతుంది సాబ్" అని నవ్వాడు. జూన్ నెల సగం జీతం బాకీ ఇచ్చాము. లెక్క చూసుకొని జేబులో పెట్టుకొన్నాడు. మళ్లీ రమ్మంటే వెంటనే ఒప్పుకోలేదు. నెలకు రూ. 1,400, రెండు బకెట్లు, కుళాయి నీరు, ఒక నిచ్చెన అన్నాడు. రూ. 1,200 చేద్దామని మాలో ఒకరు అనబోయి, తక్కినవారి మొహాలు చూసి ఊరుకొన్నారు.

ఇప్పుడు పొడిగుడ్డ లేదు. ముందు నీటిధారతో దుమ్మును జార్చి, తరువాత ఒక బకెట్‌లో సబ్బునీరు, రెండవ బకెట్‌లో గుడ్డ జాడించుకొనే నీరు పెట్టుకొని, పై నుండి కిందికి కడుగుతాడు. సబ్బుపొడి బదులు కార్ల షాంపూ. అక్టోబరులో నిచ్చెన కొన్నాము, అల్యూమినియంది. నవంబరులో కార్తీకమాసం రాగానే పెద్దవాళ్లను ఎక్కించుకొని భద్రాచలం బయలుదేరాము. కేశ్‌కాల్ దాటేసరికి బస్తరు ఎర్రమట్టి బండికి నడుము దాకా పట్టింది. ఆ మట్టి ఎరుపు కూడా ఇనుముదేనని మాలో ఒకరు చెప్పబోతే, వెనుక పడక మీద నుండి ఒక పెద్దావిడ, "ఈ ఇనుము గొడవ గోదావరి కనిపించేదాకా ఆపండి నాయనా" అన్నారు.

తిరిగి వచ్చిన మరునాడు ఉదయం ఆరింటికి బయటికి వచ్చి చూస్తే కుర్రవాడు పైకప్పు మీద ఉన్నాడు. కాగితంలో చుట్టిన అయస్కాంతాన్ని కప్పు మీద మూలమూలలా ఆడిస్తూ, కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసుకొంటున్నాడు. బకెట్లు అందించమని కిందికి కేక వేశాడు. అందించాము.